పెరట్లో తోట రైలు: నేల చదును నుంచి మొదటి చుట్టు వరకు

ఇంట్లో బల్ల మీద తిరిగే బొమ్మ రైలుకు ఎండా వానా తెలియవు. కింద బల్ల కదలదు. పెరట్లో తిరిగే రైలు సంగతి వేరు. ఎండకు పట్టా సాగుతుంది, వాన నీరు కంకరను తోసుకుపోతుంది, తవ్వి పోసిన మట్టి నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది. అందుకే తోట రైలు కట్టడంలో సగానికి పైగా నేల పనే. ఇంజన్ల గురించి ఎంతో చదివి, నేల పనిని ఒక్క పూటలో తేల్చేసిన రైలు మార్గాలు మొదటి వానాకాలం దాటడం కష్టం. ఈ మార్గదర్శిలో నేలకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇక్కడ చెబుతున్నది మనుషులు ఎక్కి కూర్చునే రైలు గురించి కాదు. చేత్తో ఎత్తి పట్టాల మీద పెట్టగలిగే ఇంజన్లు, మోకాలి ఎత్తు మొక్కల మధ్య తిరిగే బండ్లు, వాటికి కావలసిన ఒక చుట్టు మార్గం, పక్కన ఒక చిన్న స్టేషను లైను. మొదటి ప్రయత్నానికి ఇంతకన్నా పెద్దది తలపెట్టవద్దు.

ముందు గేజ్ తేల్చుకోండి

రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని గేజ్ అంటారు. అసలు బండిని ఎన్నో వంతుకు కుదించారో చెప్పేది స్కేలు. తోట రైళ్ల దగ్గరకు కొత్తగా వచ్చినవాళ్లను తికమకపెట్టేది ఈ రెండే. ఎందుకంటే ఒకే గేజ్ పట్టా మీద నాలుగైదు స్కేళ్ల బండ్లు నడుస్తాయి.

అన్నిటికన్నా విరివిగా దొరికేది 45 మి.మీ. గేజ్. గేజ్ 1 పేరుతో ఈ కొలత ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఇంటింటి పెరట్లోకి తెచ్చింది మాత్రం జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన లేమన్ సంస్థ. ఎండకూ వానకూ తట్టుకునేలా చేసిన ఎల్‌జీబీ రైళ్లను ఆ సంస్థ 1968లో విడుదల చేసింది. స్కేలు 1:22.5. అంటే 45 మి.మీ. పట్టా అసలు లోకంలో మీటర్ గేజ్ పట్టాకు ప్రతిరూపం. 45ను 22.5తో గుణిస్తే 1012 మి.మీ. వస్తుంది, లెక్క దాదాపు సరిపోయింది. అదే పట్టా మీద 1:32 బండి నడిపితే 1440 మి.మీ., అంటే 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్ రైలు అవుతుంది. 1:20.3 బండి పెడితే మూడడుగుల నేరో గేజ్ రైలు అవుతుంది. అమెరికా రైళ్ల నమూనాలు చాలావరకు 1:29లో వస్తాయి. అందులో గేజ్ లెక్క కచ్చితంగా కుదరదు, అయినా బండి నిండుగా కనిపిస్తుందని ఇష్టపడేవాళ్లు ఎక్కువే.

రెండోది 32 మి.మీ. గేజ్. దీని మీద 1:19 స్కేలు బండ్లు నడిపితే రెండడుగుల గేజ్ కొండ రైళ్ల నమూనా అవుతుంది. వేల్స్‌లోని ఫెస్టినియోగ్, హిమాలయాల్లోని డార్జిలింగ్ రైలు ఈ కోవలోవే. బ్రిటన్‌లో దీన్ని 16 మి.మీ. స్కేలు అంటారు, ఎందుకంటే అసలు బండిలో ఒక అడుగు నమూనాలో 16 మి.మీ. అవుతుంది. ఆవిరి ఇంజన్ల మీద మనసున్నవాళ్లకు ఇది చక్కని దారి.

నా సలహా ఇది: 45 మి.మీ. పట్టా ఎంచుకోండి, అయితే స్కేలు ఒక్కటే పెట్టుకోండి. 1:32 పెట్టె పక్కన 1:20 పెట్టె నిలబడితే రెండూ బొమ్మల్లాగే కనిపిస్తాయి. పట్టా కొనేటప్పుడు స్లీపర్ల, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల ప్లాస్టిక్ ఎండను తట్టుకునే రకమో కాదో అడిగి తెలుసుకోండి. ఇంట్లో వాడే రకం స్లీపర్లు ఎండకు పెళుసెక్కి, పట్టాను పట్టి ఉంచే చిన్న కొక్కేల దగ్గర విరిగిపోతాయి.

కరెంటా, బ్యాటరీయా, ఆవిరా

ఈ ప్రశ్నకు జవాబు తేలాకే పట్టా కొనాలి. ఏ లోహం, ఏ అతుకు, ఎంత వాలు అన్నవన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

పట్టాల ద్వారా కరెంటు ఇచ్చే పద్ధతి పాతది. పెట్టెలోంచి తీసిన ఇంజన్ నేరుగా నడుస్తుంది, ఎంతసేపైనా తిరుగుతుంది. సుమారు 24 వోల్టుల లోపు డీసీ సరిపోతుంది. డీసీసీ అనే డిజిటల్ పద్ధతి పెడితే ఒకే పట్టా మీద రెండు మూడు ఇంజన్లను వేరువేరుగా నడపవచ్చు. దీనికి కావలసిన శ్రమ ఏమిటంటే, పట్టా పైభాగం ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి, ప్రతి అతుకూ కరెంటును పారనివ్వాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మార్గం ఒక చోట చీలి, గుండ్రంగా తిరిగి వచ్చి అదే లైనులో కలిస్తే ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాకు తగులుతుంది, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అలాంటి చోట రెండు వైపులా పట్టాలను విడదీసి, ప్రత్యేకమైన స్విచ్చు పెట్టాలి.

బ్యాటరీ పద్ధతిలో ఇంజన్‌లోనో వెనక పెట్టెలోనో లిథియం బ్యాటరీ పెట్టి, చేతిలోని రిమోట్‌తో నడుపుతారు. పట్టా మురికిగా ఉన్నా, అతుకు వదులైనా బండి ఆగదు. పట్టా ఏ లోహంతోనైనా ఉండవచ్చు. ఛార్జి చేయడం, బ్యాటరీ వేడెక్కకుండా చూసుకోవడం అదనపు పని. ఛార్జింగు పెట్టి ఇల్లు వదిలి వెళ్లకూడదు.

ఆవిరి ఇంజన్ల అందమే వేరు. బ్యూటేన్ గ్యాసుతోనో స్పిరిట్‌తోనో నిజంగానే నీళ్లు మరిగించి, నిజంగానే పొగ గొట్టం నుంచి ఆవిరి వదులుతూ అరగంట అటూ ఇటూగా నడుస్తాయి. రిమోట్ లేని ఆవిరి ఇంజన్ ఎత్తు వస్తే ఆగిపోతుంది, పల్లం వస్తే అదుపు తప్పి పరుగెడుతుంది. దానికి సమతలమైన మార్గమూ పెద్ద మలుపులూ తప్పనిసరి. ఎండుటాకుల మధ్య స్పిరిట్ ఇంజన్ నడపడం ప్రమాదం. నీళ్ల బకెట్టు పక్కన లేకుండా మొదలుపెట్టవద్దు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు బ్యాటరీకే. పట్టాలు తుడిచే పని చాలావరకు తప్పితే ఆ సమయం నేలకూ మొక్కలకూ మిగులుతుంది. అయినా మార్గాన్ని ఆవిరి ఇంజన్‌కు తగినంత చదునుగా, తగినంత వెడల్పు మలుపులతో కట్టండి. అప్పుడు రేపు మనసు మారినా తవ్వి మళ్లీ వేయవలసిన పని ఉండదు.

చోటు చూడటం

కాగితం మీద గీయడానికి ముందు ఒక పెద్ద వాన పడేవరకు ఆగండి. వాన వెలిసిన వెంటనే పెరట్లోకి వెళ్లి నీళ్లు ఎక్కడ నిలిచాయో, ఏ వైపు పారాయో, ఇంటి చూరు నుంచి ధార ఎక్కడ పడుతోందో చూసి, ఆ చోట్ల చిన్న పుల్లలు గుచ్చి పెట్టండి. ఏ పుస్తకమూ ఇంత విలువైన సమాచారం ఇవ్వదు. నీళ్లు నిలిచే చోట మార్గం వేయకూడదు. పారే చోట వేయవలసి వస్తే అక్కడ కట్ట కింద గొట్టం పెట్టి తూము వదలాలి. రైలు మార్గాల్లో వంతెనలు పుట్టిందే ఇలాంటి అవసరంతో కాబట్టి, మీ తోటలో మొదటి వంతెన ఎక్కడ రావాలో కూడా ఆ పుల్లలే చెబుతాయి.

నేల కింద నీటి గొట్టాలు, కరెంటు కేబుళ్లు, మురుగు కాలువల మూతలు ఎక్కడ ఉన్నాయో తెలుసుకోండి. వాటి మీద కట్టడం చేస్తే ఏదో ఒక రోజు అదంతా తవ్వక తప్పదు. పెద్ద చెట్ల మొదళ్లకు దూరంగా ఉండండి. వేళ్లు పట్టాను పైకి లేపుతాయి, ఆకులూ జిగురూ రోజూ రాలుతుంటాయి.

ఇక మలుపులు. గుండ్రని మార్గం మధ్య నుంచి పట్టా వరకు ఉన్న దూరం వ్యాసార్ధం. ప్రారంభ సెట్లలో వచ్చే మలుపు పట్టాలు చాలావరకు 600 మి.మీ. వ్యాసార్ధంతో ఉంటాయి. చిన్న ఇంజన్లు వాటి మీద తిరుగుతాయి, కానీ పొడవైన పెట్టెల మూలలు బయటికి పొడుచుకొచ్చి చూపుకు ఇబ్బందిగా ఉంటుంది, చక్రాలు త్వరగా అరుగుతాయి. 1200 మి.మీ. కన్నా తక్కువ వ్యాసార్ధంతో శాశ్వత మార్గం వేయవద్దని గట్టిగా చెబుతాను. చోటు ఉంటే 1500 లేదా 2000 మి.మీ.కి వెళ్లండి. మలుపుకు వెంటనే ఎదురు మలుపు వేయకూడదు. రెంటి మధ్య మీ దగ్గరున్న అతి పొడవైన పెట్టె పొడవంత తిన్నని పట్టా ఉండాలి. అది లేకపోతే రెండు పెట్టెలు చెరో వైపు తిరిగి, మధ్య కొక్కెం లాగి పట్టా తప్పిస్తుంది.

ఆకారం నిర్ణయించడానికి నీళ్ల పైపును నేల మీద పరచండి. ఎండలో కాసేపు ఉంటే పైపు మెత్తబడి చక్కగా వంగుతుంది. వరండాలోంచి, వంటింటి కిటికీలోంచి, మీరు ఎక్కువగా కూర్చునే చోటి నుంచి చూసి సర్దుకోండి. బండి మొత్తం మార్గం ఒకేసారి కనిపించకూడదు. ఒక పొద చాటుకు వెళ్లి మరో చోట బయటికి వస్తేనే ప్రయాణం చేసినట్టు ఉంటుంది. అలాగని చేయి చేరనంత లోపలికి పట్టా వేయవద్దు. ఏ చోటైనా దారి నుంచి 60-70 సెం.మీ. లోపు ఉండాలి. బండి సాధారణంగా పట్టా తప్పేది చేయి అందని చోటే.

పైపు గీత నచ్చాక పట్టా సెట్టును గడ్డి మీదే తాత్కాలికంగా పరచి, కొన్ని వారాలు నడపండి. ఎక్కడ నిలబడి చూడాలనిపిస్తోంది, ఎక్కడ పిల్లలు కాళ్లు పెడుతున్నారు, బండ్లను ఇంట్లోంచి మోసుకురావడం ఎంత సులువు, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. ఈ దశను దాటవేయకండి.

వాలు లెక్క

2 శాతం వాలు అంటే ప్రతి మీటరుకు 2 సెం.మీ. ఎత్తు. తోట రైలుకు అది హాయిగా సరిపోయే హద్దు. 3 శాతం వరకు సర్దుకోవచ్చు. 4 శాతం దగ్గర చిన్న ఇంజన్ల చక్రాలు జారడం మొదలుపెడతాయి, మలుపు కూడా ఉంటే మరీ ముందే.

ఒక లైను మరో లైను మీదుగా దాటాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. లెక్క చూడండి. కింది బండి తల తగలకుండా, పై వంతెన మందంతో కలిపి 25 సెం.మీ. ఎత్తు కావాలనుకుందాం. 2 శాతం వాలుతో ఆ ఎత్తు ఎక్కడానికి 12.5 మీటర్లు, దిగడానికి మరో 12.5 మీటర్లు. చాలా పెరళ్లలో మార్గం మొత్తమే అంత ఉండదు. మొదటి చుట్టును సమతలంగానే ఉంచి, నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఒక వైపు కట్ట పోసి, మరో వైపు తవ్వి సరిచేయండి. అసలు రైళ్ల వాళ్లు చేసిందీ అదే, చూడటానికి కూడా అదే సహజంగా ఉంటుంది.

వీలుంటే మార్గాన్ని నేల మీదికంటే 30-45 సెం.మీ. ఎత్తున, ఇటుక లేదా రాతి గోడ కట్టి మట్టి నింపిన మడిలో వేయండి. వంగి పని చేసే బాధ తగ్గుతుంది, నీరు దానంతటదే దిగిపోతుంది, బండి కంటికి దగ్గరవుతుంది. అయితే నింపిన మట్టి కుంగకుండా దళసరిగా ఒకేసారి పోయక, 10 సెం.మీ. పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి.

నేల పని

పైపు గీతకు రెండు వైపులా సున్నం చల్లి, 25 సెం.మీ. వెడల్పున కాలువ తవ్వండి. లోతు 10 సెం.మీ. చాలు. శీతకాలంలో నేల గడ్డకట్టే చోట, లేదా నీరు పట్టే బంకమట్టి అయితే 15-20 సెం.మీ. వరకు వెళ్లాలి. గడ్డి దుబ్బులు, వేళ్లు, సేంద్రియ చెత్త అంతా తీసేయండి. అవి కుళ్లిన చోట నేల గుంట పడుతుంది. అడుగును దిమ్మిసతో కొట్టి గట్టిపరచండి.

తరువాత మార్గం పొడవునా మీటరుకు ఒకటి చొప్పున మేకులు దిగ్గొట్టి, వాటి తలలన్నీ ఒకే మట్టంలో ఉండేలా చేయండి. దీనికి తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి గొట్టం అన్నిటికన్నా నమ్మకమైనది. గొట్టం రెండు కొసల్లో నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది కాబట్టి, పెరటి ఆ చివర మేకుకూ ఈ చివర మేకుకూ మట్టం కలపవచ్చు. గొట్టంలో గాలి బుడగలు లేకుండా చూసుకోవాలి, ఒక్క బుడగ ఉన్నా మట్టం తప్పు చూపుతుంది. మేకుల మధ్య సర్దడానికి రసమట్టం సరిపోతుంది.

కాలువ అడుగునా పక్కలకూ జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచండి. అది నీటిని దిగనిస్తుంది, కింది మట్టి పైకి వచ్చి కంకరలో కలవకుండా ఆపుతుంది, కలుపును కొంత అడ్డుకుంటుంది. ప్లాస్టిక్ షీటు మాత్రం పరచకండి, కాలువ కాస్తా తొట్టి అయి కూర్చుంటుంది.

ఇప్పుడు కంకర. నున్నని గులకరాళ్లు చూడటానికి బాగుంటాయి, కానీ ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి, పట్టాను నిలబెట్టలేవు. కావలసింది క్రషర్‌లో పగలగొట్టిన, అంచులు పదునుగా ఉన్న రాయి. 3 నుంచి 6 మి.మీ. చిప్స్, వాటితోపాటు రాతిపొడి కలిసి ఉన్నది ఉత్తమం. పొడి సందుల్లోకి దిగి, నీళ్లు పడ్డాక ముక్కలు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. గుప్పెడు తీసుకుని పిడికిలి బిగించి చూడండి. వదిలాక ముక్కలు చేతిలో గుచ్చుకున్న గుర్తులు కనిపిస్తే అది పనికొచ్చే రాయి. సగం లోతు వరకు పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ పోసి మళ్లీ కొట్టండి. చివరి 2 సెం.మీ. పట్టా పరిచాక నింపడానికి వదిలేయండి.

కంకరకు బదులు కాంక్రీటు పట్టీ పోసేవాళ్లూ ఉన్నారు. అది గట్టిగానే ఉంటుంది, అయితే ఒకసారి పోశాక మలుపు మార్చలేరు, కింద నేల కదిలితే పగులుతుంది. ప్లాస్టిక్ పలకలను నిచ్చెనలా బిగించి, నేలలో పాతిన గొట్టాల మీద నిలబెట్టే పద్ధతి కూడా మంచిదే. ఎగుడుదిగుడు నేలకు, ఎత్తైన మార్గాలకు అది అనువైనది. మొదటి మార్గానికి కంకర పరుపును మించింది లేదు. వేలితో సరిదిద్దుకోవచ్చు, అక్కర్లేదనుకుంటే ఎత్తి మరో చోట పోసుకోవచ్చు.

పట్టాలు, అతుకులు, ఎండ

ఎత్తు 8.4 మి.మీ. ఉండే కోడ్ 332 పట్టా ఈ రంగంలో మామూలు కొలత. పొరపాటున కాలు పడినా వంగదు. 6.35 మి.మీ. ఎత్తున్న కోడ్ 250 పట్టా నమూనాగా మరింత అందంగా ఉంటుంది, కానీ సున్నితం.

పట్టాల ద్వారా కరెంటు ఇస్తే ఇత్తడి మంచి ఎంపిక. కరెంటు బాగా పారుతుంది, సులువుగా వంగుతుంది, కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరిగి అసలు పట్టాలా కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తక్కువ తుడిస్తే చాలు, కానీ గట్టిది, వంచడం కష్టం, ఖరీదు ఎక్కువ. అల్యూమినియం చవక, మెత్తన, బ్యాటరీ బండ్లకు చాలు.

ఇప్పుడు ఎండ సంగతి. ఇత్తడి పట్టా పది మీటర్ల పొడవున ఉందనుకోండి. తెల్లవారుజాము చలికీ, నడి మధ్యాహ్నం ఎండలో కాలిన లోహానికీ మధ్య 40 డిగ్రీల తేడా రావడం మామూలే. ఆ తేడాకు పట్టా సుమారు 7.6 మి.మీ. సాగుతుంది. అల్యూమినియం అయితే 9 మి.మీ. దాటుతుంది. సాగడానికి చోటు లేకపోతే పట్టా పాములా పక్కకు వంకర్లు తిరుగుతుంది. ఒకటిన్నర మీటరు ముక్క ఒక్కొక్కటీ మి.మీ. కన్నా కాస్త ఎక్కువ సాగుతుంది కాబట్టి, చల్లని ఉదయం పరిచేటప్పుడు తిన్నని భాగాల్లో ప్రతి అతుకులో ఒక మి.మీ. సందు వదలండి. ఒక మి.మీ. మందమున్న ప్లాస్టిక్ కార్డును కొలతగా పెట్టుకుని, పట్టాలు కలిపాక లాగేయవచ్చు. మిట్టమధ్యాహ్నం పరిస్తే సందు అక్కర్లేదు, పట్టా అప్పటికే సాగి ఉంటుంది. మలుపుల్లో పట్టా కంకర మీద కాస్త పక్కకు జరిగి తనంతట తానే సర్దుకుంటుంది. అందుకే కంకరను జిగురుతో అంటించకూడదు, కాంక్రీటు మీదైతే మరలను బిగించేయకుండా పొడవాటి రంధ్రాల్లో వదులుగా పెట్టాలి.

పట్టా ముక్కలను కలిపే జారుడు అతుకులు బ్యాటరీ మార్గానికి సరిపోతాయి. కరెంటు పారాలంటే పక్క నుంచి మరలతో బిగించే క్లాంపులు వాడండి. ఖర్చు ఎక్కువే, కానీ ఒక ముక్కను మధ్యలోంచి తీసి మార్చాలన్నా అవే సులువు. క్లాంపులు బిగించిన చోట సందులు ఉండవు కాబట్టి, పొడవైన తిన్నని భాగంలో ఒకటి రెండు చోట్ల జారుడు అతుకు పెట్టి, దాని మీదుగా మెత్తని తీగ వంకీ కలిపితే సాగడానికీ చోటు ఉంటుంది, కరెంటూ ఆగదు.

మలుపు పట్టాల ముక్కలకు బదులు వంచగలిగే పొడవు పట్టాలు కొంటే అతుకులు తగ్గుతాయి, మలుపు నునుపుగా వస్తుంది. వంచడానికి చక్రాలున్న రైల్ బెండర్ అనే పనిముట్టు ఉంటుంది. చేత్తో వంచితే కొసలు మాత్రం తిన్నగా మిగిలిపోయి, అతుకు దగ్గర మూల తేలుతుంది. రంపంతో కోసిన కొసలను ఆకురాయితో నునుపు చేయడం మరవకండి.

పట్టా పరచడం, మట్టం చూడటం

కలిపిన పట్టాను కంకర మీద పెట్టి, రసమట్టాన్ని రెండు పట్టాల మీదుగా అడ్డంగా ఉంచండి. బుడగ సరిగ్గా మధ్యలో ఉండాలి. వెంటనే అర మీటరు ముందుకు జరిపి మళ్లీ చూడండి. పొడవు వాలు కాస్త అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు, అడ్డం మట్టం తప్పితే మాత్రం బండి పడుతుంది. ముఖ్యంగా మలుపులో బయటి పట్టా లోపలి పట్టాకన్నా కిందికి దిగకూడదు. ఒక పట్టా పల్లంగా ఉంటే, ఆ వైపు స్లీపర్లను వేళ్లతో కొద్దిగా ఎత్తి, సన్నని చెక్క ముక్కతో కంకరను స్లీపర్ల కిందికి కుక్కండి. అసలు రైలు మార్గాల మీద కార్మికులు చేసే పని ఇదే, చిన్న కొలతలో.

మట్టం కుదిరాక పైనుంచి మిగిలిన చిప్స్ చల్లి, మెత్తని కుంచెతో స్లీపర్ల మధ్యకు సర్దండి. స్లీపర్ల పైభాగం కనిపించేంత వరకే నింపాలి. పట్టా లోపలి అంచు వెంట చక్రం గట్టు (చక్రం పట్టా దాటి జారకుండా ఆపే అంచు) తిరిగే చోట ఒక్క రాయి కూడా ఉండకూడదు. ఆ తరువాత నీళ్ల డబ్బాతో సన్నని జల్లు కొట్టండి. పొడి దిగి, కంకర కుదురుకుంటుంది. మరునాడు కొన్ని చోట్ల కుంగి ఉంటుంది, మళ్లీ నింపండి. మొదటి కొన్ని వారాలు ఇది నడుస్తూనే ఉంటుంది, ఆందోళన పడవలసింది లేదు.

బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లు మొదట ఒకటి రెండే పెట్టండి. ఖరీదైనవీ అవే, ఇరుక్కునేవీ అవే. వాటి కింద కంకర మరింత గట్టిగా, చదునుగా ఉండాలి. కదిలే నాలుక పక్కన చిన్న రాయి చిక్కినా బండి పడుతుంది, కనుక అక్కడ సన్నని పొడి వేయకుండా కాస్త పెద్ద చిప్స్ వాడండి. చేత్తో మార్చే పాయింట్లు చాలు. మోటార్ల జోలికి తరువాత వెళ్లవచ్చు.

కరెంటు ఇచ్చేవాళ్లకు

ఇంటి కరెంటుకు తగిలించే ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లోనో పొడి గదిలోనో ఉండాలి. తోటలోకి తక్కువ వోల్టేజీ తీగలు మాత్రమే వెళ్లాలి. ఆ ప్లగ్గుకు 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకర్ తప్పనిసరి. పెద్ద ఇంజన్ దీపాలూ పొగా వేసుకుని నడిస్తే రెండు ఆంపియర్ల దాకా లాగవచ్చు, కాబట్టి 5 ఆంపియర్ల సరఫరా తీసుకుంటే ఇబ్బంది ఉండదు. కరెంటును పట్టాకు ఒకే చోట కలిపితే దూరంగా ఉన్న భాగంలో బండి మందగిస్తుంది. 2.5 చదరపు మి.మీ. రాగి తీగను మార్గం వెంట గొట్టంలో పాతి, ఐదారు మీటర్లకు ఒక చోట పట్టాకు కలపండి.

మొదటి పరీక్ష

ఇంజన్ కన్నా ముందు ఒక ఖాళీ వ్యాగన్‌ను చేత్తో తోస్తూ చుట్టు మొత్తం తిరగండి. ఎక్కడ ఎగిరినా, ఎక్కడ ఆగినా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తరువాత అతి పొడవైన పెట్టెను తోయండి. ఆ తరువాత మొత్తం బండిని ఇంజన్‌తో వెనక్కి నడపండి. ముందుకు హాయిగా వెళ్లే బండి వెనక్కి తోస్తే లోపాలన్నీ బయటపెడుతుంది.

ఒకే పెట్టె అన్ని చోట్లా పడుతుంటే తప్పు పట్టాది కాదు, చక్రాలది. 45 మి.మీ. గేజ్‌లో ఒకే ఇరుసు మీది రెండు చక్రాల వెనక ముఖాల మధ్య దూరం 40 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. కొలిచి సరిచేయండి. ప్లాస్టిక్ చక్రాలను లోహపు చక్రాలకు మార్చి, తేలికైన వ్యాగన్లలో అడుగున బరువు పెడితే సగం చిక్కులు పోతాయి.

మొక్కలు

తోట రైలును బొమ్మ నుంచి వేరు చేసేది మొక్కలే. చూడవలసింది మొక్క ఎత్తుకన్నా ముందు ఆకు పరిమాణం. అరచేయంత ఆకు పక్కన నిలబడ్డ ఇంజన్ ఎంత చక్కటిదైనా చిన్నబోతుంది. సన్నని ఆకుల పొట్టి మొక్కలు వెతకండి. నేల కప్పడానికి సీడమ్ రకాలు, పాకే థైమ్, పొట్టి మోండో గడ్డి అనువైనవి. చెట్లుగా చల్లని చోట పొట్టి అల్బెర్టా స్ప్రూస్, చలి గడ్డకట్టని చోట జేడ్ మొక్క, రెండు చోట్లా కత్తిరింపుకు లొంగే బాక్స్‌వుడ్ పనికొస్తాయి. ఒక జేడ్ కొమ్మ అడుగు ఆకులు తీసేసి, కాండం కనిపించేలా చేసి చూడండి, అది వెంటనే వయసు మళ్లిన చెట్టులా నిలబడుతుంది.

పట్టాకు రెండు వైపులా 15 సెం.మీ. ఖాళీ వదలండి. పాకే మొక్కలు ఒక్క వానాకాలంలోనే దాన్ని నింపేస్తాయి. వేళ్లతో వ్యాపించే వెదురు వంటివి దగ్గరికి రానివ్వవద్దు. స్ప్రింక్లర్‌తో తడిపితే నీటిలోని లవణాలు పట్టా మీద తెల్లటి పొర కడతాయి. మొక్కల మొదళ్లకు బొట్టు బొట్టుగా నీరిచ్చే డ్రిప్ పద్ధతి మేలు.

వంతెన, సొరంగం

ఇవి రెండో ఏడాది పనులు. వంతెన రెండు కొసలూ కాంక్రీటు దిమ్మెల మీద నిలవాలి. మట్టి కట్ట మీద పెడితే కట్ట కుంగి, వంతెన చివర మెట్టు పడుతుంది. సొరంగాన్ని మీ చేయి రెండు వైపుల నుంచీ మధ్య వరకు చేరేంత పొడవుకే పరిమితం చేయండి, లేదా పైకప్పు ఎత్తి తీయగలిగేలా కట్టండి. చీకటిగా, చల్లగా ఉండే ఆ చోట పాములూ తేళ్లూ చేరే అవకాశం ఉంది. చేయి పెట్టే ముందు టార్చితో చూడండి, నడపని రోజుల్లో రెండు ద్వారాలకూ జాలీ తలుపులు పెట్టండి. భవనాలకు అట్ట, మామూలు చెక్క పనికిరావు. సిమెంటు, రాయి, ఎండకు తట్టుకునే ప్లాస్టిక్ నిలుస్తాయి.

నడుపుతూ చూసుకోవలసినవి

నడిపే ప్రతి రోజూ ముందు ఒక చుట్టు నడిచి రండి, చేతిలో చీపురుతో. ఆకులు, పుల్లలు, నత్తలు తీసేయండి. కరెంటు మార్గమైతే నునుపు స్పాంజి పట్టీని కర్రకు బిగించి పట్టా పైభాగం తుడవండి. గరుకు కాగితం వాడితే గీతలు పడి మురికి మరింత త్వరగా పట్టేస్తుంది. పెద్ద వాన తరువాత రసమట్టంతో మళ్లీ ఒక విడత. ఏడాదికి ఒకసారి క్లాంపుల మరలు బిగించి, కొట్టుకుపోయిన కంకర నింపితే పెద్ద మరమ్మతు రాదు. ఇంజన్లను, బండ్లను రాత్రి బయట వదలకండి. గేర్లలో పడ్డ ఇసుక వాటిని వానకన్నా వేగంగా పాడు చేస్తుంది. మొదట అనుకున్న స్టేషను లైను చివర, భవిష్యత్తులో మార్గం పొడిగించాలనుకుంటున్న వైపు ఒక పాయింటును ఇప్పుడే పెట్టి ఉంచండి. దాని అవతల రెండు మీటర్ల వరకు పొదలు నాటకుండా, కాలువ తవ్వి కంకర పోసి, వానలకు కుదురుకోనివ్వండి. పట్టా కొనే వీలు చిక్కేసరికి కింద నేల సిద్ధంగా ఉంటుంది.